కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కడుపు ఎండోస్కోపీలో కోత పడితే: ముందు వారం నుంచి నాలుగో వారం దాకా రక్తస్రావం జాగ్రత్తలు

మా నాన్నకి వారానికి మూడు డయాలసిస్‌లు. సోమ, బుధ, శుక్ర. కడుపు లోపలి పొర మీద పెరిగిన మూడున్నర సెంటీమీటర్ల గడ్డని, పొట్ట కోయకుండా ఎండోస్కోపీ గొట్టంతోనే ఒలిచి తీశారు, ఒక మంగళవారం. బుధవారం అదే ఆసుపత్రిలో హెపారిన్ (మెషీన్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లేకుండా డయాలసిస్ చేశారు, గురువారం ఇంటికి పంపించారు, శుక్రవారం ఎప్పుడూ వెళ్లే డయాలసిస్ సెంటర్‌కి వెళ్లాం. అక్కడ ఎప్పటిలాగే హెపారిన్ ఇచ్చారు. కడుపులో పచ్చి పుండు ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు, డిశ్చార్జ్ సమ్మరీ ఇంట్లో బీరువాలో ఉంది. రెండో గంటలో బీపీ 90కి పడిపోయింది. నీళ్లు ఎక్కువ లాగేసినట్టున్నాం అనుకొని కాస్త సెలైన్ ఎక్కించి పంపారు. ఆ రాత్రి మలం నల్లగా వచ్చింది, ఐరన్ మాత్రల వల్లేలే అనుకున్నాం. తెల్లారేసరికి మంచం మీంచి లేచి నిలబడలేకపోయారు. హిమోగ్లోబిన్ 10.4 నుంచి 7.6కి దిగిపోయింది.

మళ్లీ ఎండోస్కోపీ చేసి, కారుతున్న రక్తనాళానికి రెండు క్లిప్పులు వేశాక ఆగింది. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ తర్వాత నాకు అర్థమైందేంటంటే, గ్యాస్ట్రో డాక్టరుకి మా డయాలసిస్ రోజులు సరిగ్గా తెలీవు, డయాలసిస్ వాళ్లకి కడుపులో పుండు సంగతి తెలీదు, రెండూ తెలిసినవాళ్లం ఇంట్లో మేమే, మాకేమో ఆ రెంటికీ సంబంధం ఉందని తెలీదు. ఆ ఖాళీని ఎలా పూడ్చుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. నేను డాక్టర్ని కాను. ఏ మందు ఆపాలి, ఏది మళ్లీ మొదలుపెట్టాలి అన్నది మీ డాక్టర్లే తేల్చాలి. వాళ్లని ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో మాత్రం నేను చెప్తాను.

1. చేస్తున్నది చూడటమా, కోయడమా? ముందు అది కనుక్కోండి

"ఎండోస్కోపీ" అనే ఒక్క మాట కింద చాలా పనులు జరుగుతాయి. గొట్టం వేసి చూడటం, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడం, ఇవి రక్తస్రావం ముప్పు తక్కువ ఉన్నవి. వీటికి చాలామందికి రక్తం పలచబరిచే మందులు కూడా ఆపరు. పాలిప్ కోయడం, అడుగున ద్రవం ఎక్కించి పొరని పైకి లేపి వలలాంటి తీగతో కోసే ఈఎంఆర్, కత్తిలాంటి సన్నటి పరికరంతో పొర కిందుగా ఒలిచే, మా నాన్నకి చేసిన ఈఎస్‌డీ, ఇరుకైన చోట వెడల్పు చేయడం, ఆహారం కోసం కడుపులోకి నేరుగా ట్యూబు అమర్చడం, ఇవి ముప్పు ఎక్కువ ఉన్నవి. అన్నిట్లోకీ ఈఎస్‌డీ తర్వాత మిగిలే పుండు పెద్దది. గడ్డ మూడు సెంటీమీటర్లుంటే దాని చుట్టూ కొంత మంచి పొరని కూడా కలిపి తీస్తారు కాబట్టి పుండు అంతకన్నా పెద్దదే అవుతుంది. అది మానడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

కాబట్టి అపాయింట్‌మెంట్ రోజే అడగండి: "చూసి వదిలేస్తారా, కోయాల్సి రావచ్చా?" కొన్నిసార్లు చూడటానికని మొదలుపెట్టి, పాలిప్ కనిపిస్తే అప్పటికప్పుడే తీసేస్తారు. కిడ్నీ పేషెంటు విషయంలో ముందస్తు ఏర్పాట్లేవీ లేకుండా అలా చేయడం కన్నా, చూసి వచ్చేసి ఇంకో రోజు తయారుగా వెళ్లడమే చాలాసార్లు మంచిది. కనీసం ఆ ప్రశ్న ముందే వేసి పెట్టుకోండి.

2. రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్నా రక్తం ఎందుకు ఆగదు

ఈ భాగం నెమ్మదిగా చదవండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

నాన్నకి ముందురోజు చేసిన పరీక్షల్లో ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్ఆర్ 1.0. చూసిన ప్రతివాళ్లూ "బ్లడ్ బాగుంది" అన్నారు. బాగున్నది లెక్క మాత్రమే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో రక్తంలో పేరుకున్న వ్యర్థాల వల్ల ప్లేట్‌లెట్లు సంఖ్యలో సరిపడా ఉండి కూడా పనిలో మందకొడిగా ఉంటాయి. తెగిన నాళం గోడకి సరిగ్గా అంటుకోవు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. ఐఎన్ఆర్, పీటీ లాంటి పరీక్షలు ప్లేట్‌లెట్ల పనితీరుని అసలు కొలవనే కొలవవు. అందుకే కాగితం మీద ఏమీ కనపడదు.

దీనికి తోడు రక్తహీనత. ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి. నాళంలో రక్తం పారేటప్పుడు ఎర్రకణాలు మధ్యలో నడుస్తూ ప్లేట్‌లెట్లని గోడ వైపుకి నెడతాయట. ఎర్రకణాలు తగ్గితే ఆ నెట్టడమూ తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు మధ్యలోనే కొట్టుకుపోతాయి, తెగిన చోటుకి చేరేవి తక్కువైపోతాయి. అంటే హిమోగ్లోబిన్ అనేది నీరసానికి సంబంధించిన అంకె మాత్రమే కాదు, రక్తం ఆగడానికి కూడా సంబంధించినది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 30 శాతం దాటితే, అంటే హిమోగ్లోబిన్ సుమారు 10 దగ్గర ఉంటే, రక్తం ఆగే తీరు మెరుగుపడుతుంది. కోత అత్యవసరం కాకపోతే ముందుగా ఐరన్, ఎర్రకణాలు పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజక్షన్లతో హిమోగ్లోబిన్ పెంచుకునే వీలుందా అని కిడ్నీ డాక్టర్ని అడగడానికి కారణం ఇదే. ఆ ఇంజక్షన్లకి వారాలు పడుతుంది కాబట్టి రెండు రోజుల ముందు అడిగితే లాభం లేదు.

ఇవి చాలవన్నట్టు వారానికి మూడుసార్లు హెపారిన్, గుండెకని ఆస్పిరిన్, కిడ్నీ జబ్బులో సరిగ్గా బయటికి పోకుండా ఒంట్లోనే ఎక్కువసేపు నిలిచిపోయే మందులు. అన్నీ ఒకే మనిషిలో కలుస్తాయి.

డయాలసిస్ దాకా రాని వాళ్ల మాటేంటి? జీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 60 పైన ఉంటే ఈ ప్లేట్‌లెట్ల గొడవ గురించి అంత కంగారు అక్కర్లేదు. 30 కిందికి దిగితే పట్టించుకోవాలి, 15 కింద ఉంటే డయాలసిస్ మొదలుపెట్టకపోయినా డయాలసిస్ పేషెంటుతో సమానంగానే చూసుకోవడం మేలు.

3. ఎంత ముప్పో ఒక అంచనా వేసుకోండి

జపాన్‌లో కడుపు ఈఎస్‌డీ చేయించుకున్నవాళ్ల వివరాలతో తయారుచేసిన బెస్ట్-జే అనే స్కోరు ఒకటుంది, 2021లో ప్రచురించారు. వార్ఫరిన్ వాడుతుంటే 4 పాయింట్లు, అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్త తరం మందులకీ 4. హీమోడయాలసిస్‌లో ఉంటే 3. క్లోపిడోగ్రెల్ రకం మందులకి 2, ఆస్పిరిన్‌కి 1, సిలోస్టజోల్‌కి 1. గడ్డ 30 మిల్లీమీటర్లు దాటితే 1, కడుపు కింది మూడో భాగంలో ఉంటే 1, ఒకటి కన్నా ఎక్కువ గడ్డలుంటే 1. రక్తం పలచబరిచే మందు ఏదైనా ముందుగా ఆపితే ఒక్కో రకానికి ఒక పాయింటు తగ్గుతుంది.

మొత్తం 0 లేదా 1 అయితే తర్వాత రక్తస్రావం అయినవాళ్లు 2.8 శాతం, 2 అయితే 6.1, 3 లేదా 4 అయితే 11.4, 5 ఆపైన 29.7 శాతం.

మా నాన్న లెక్క చూడండి. డయాలసిస్ 3, ఆస్పిరిన్ 1, గడ్డ సైజు 1, మొత్తం 5. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరికి. ఈ అంకె ముందే మా చేతిలో ఉంటే ఆ నల్లటి మలాన్ని ఐరన్ మాత్ర అనుకొని పడుకునేవాళ్లమా? అసలు స్కోరు వేసుకోమనేది అందుకే. భయపడటానికి కాదు, ఆ తర్వాతి రోజుల్లో దేన్ని తేలిగ్గా తీసుకోకూడదో తెలియడానికి. చిన్న హెచ్చరిక: ఇది ఈఎస్‌డీకి మాత్రమే, డయాలసిస్ దాకా రాని కిడ్నీ జబ్బుకి ఇందులో పాయింట్లు లేవు. పాయింటు లేదంటే ముప్పు లేదని కాదు.

4. మందుల జాబితా, వారం పది రోజుల ముందే

ఇంట్లో ఉన్న ప్రతి మందూ ఒక సంచిలో వేసుకొని కూర్చోండి. డాక్టరు రాసినవే కాదు, మోకాళ్ల నొప్పికని అప్పుడప్పుడూ వేసుకునేవి, ఎవరో బాగుంటుందంటే కొన్నవి, అన్నీ. ప్రతిదానికీ పేరు, ఎంజీ, రోజుకెన్ని, చివరి మాత్ర ఎప్పుడు, దేనికోసం ఇచ్చారు అన్నది ఒక తెల్ల కాగితం మీద రాయండి. "దేనికోసం" అన్నది వదలకండి. ఆస్పిరిన్ ఊరికే ముందుజాగ్రత్తకి వాడుతున్నారా, నాలుగు నెలల క్రితం స్టెంటు వేశారు కాబట్టి వాడుతున్నారా అన్నదాన్ని బట్టి నిర్ణయమే తలకిందులవుతుంది.

వార్ఫరిన్‌ని మామూలుగా 5 రోజుల ముందు ఆపించి, ఐఎన్ఆర్ 1.5 కన్నా తగ్గిందో లేదో చూస్తారు. క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజులు, ఎందుకంటే అది ప్లేట్‌లెట్లని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది, కొత్తవి పుట్టేదాకా ఆగాలి. ఆస్పిరిన్‌ని చాలా పనులకి కొనసాగిస్తారు, ఈఎస్‌డీ, పెద్ద ఈఎంఆర్ లాంటి వాటికి మాత్రం గుండె ముప్పుని బట్టి ఆపాలా వద్దా అని విడిగా ఆలోచిస్తారు.

కొత్త తరం మందుల దగ్గర కిడ్నీ పేషెంట్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. డాబిగాట్రాన్‌లో సుమారు 80 శాతం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, అపిక్సబాన్‌లో పావు వంతు చిల్లర మాత్రమే. కిడ్నీలు బాగున్నవాళ్లకి చివరి మాత్ర 3 రోజుల ముందు అని చెప్పే చోట, డాబిగాట్రాన్ వాడుతూ క్రియాటినిన్ క్లియరెన్స్ (జీఎఫ్ఆర్ లాంటిదే ఇంకో కొలత) 30 నుంచి 50 మధ్య ఉన్నవాళ్లకి 5 రోజులని చెప్తారు. కాబట్టి ఎవరైనా "రెండు మూడు రోజుల ముందు ఆపేయండి" అని ఒక్క మాటలో అనేస్తే, "నా జీఎఫ్ఆర్ ఇంత, అయినా అదే లెక్కా?" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. పాత రిపోర్టు కాకుండా ఈ నెల రిపోర్టు చూపించండి.

ఇంకో రకం ఇబ్బంది వార్ఫరిన్ ఆపి మధ్యలో రక్తం పలచబరిచే ఇంజక్షన్లు ఇచ్చేటప్పుడు వస్తుంది. గుండెలో కృత్రిమ కవాటం ఉన్న కొందరికి అలా ఇస్తారు. ఎనాక్సాపారిన్ లాంటివి కిడ్నీల ద్వారా పోతాయి కాబట్టి జీఎఫ్ఆర్ 30 కింద ఉంటే ఒంట్లో పేరుకుపోతాయి. ఈ మాట కిడ్నీ డాక్టరు, గుండె డాక్టరు ఇద్దరి చెవినా పడాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. టెన్షన్‌తో అన్నీ మీకు మీరే ఆపేయకండి. స్టెంటు వేయించుకున్న తొలి నెలల్లో మందులు ఆపితే అది మూసుకుపోవచ్చు. కడుపులో రక్తస్రావానికి ఎండోస్కోపీతో చికిత్స ఉంది, గుండెపోటుకో పక్షవాతానికో దారితీస్తే దాన్ని వెనక్కి తిప్పడం కష్టం. అంత తొందర లేని గడ్డ అయితే పనినే కొన్ని నెలలు వాయిదా వేసుకోవచ్చు.

డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి కూడా రక్తస్రావం ముప్పుని కొంచెం పెంచుతాయి. ఆపమని కాదు, జాబితాలో ఉండాలని.

5. డయాలసిస్ క్యాలెండర్: మేము తప్పిన చోటు

మంచి రోజు ఏది? డయాలసిస్ అయిన మర్నాడు. అప్పటికి వ్యర్థాలు తగ్గి ప్లేట్‌లెట్లు కాస్త మెరుగ్గా పనిచేస్తుంటాయి, ఒంట్లో నీరు, పొటాషియం అదుపులో ఉంటాయి, ముందురోజు ఇచ్చిన హెపారిన్ కూడా పోయి ఉంటుంది. మామూలు హెపారిన్ గంట, గంటన్నరకి సగానికి తగ్గుతుంది, కొన్ని గంటల్లో ఖాళీ అవుతుంది. వారంలో రెండు రోజుల గ్యాప్ వచ్చే చోటుంటుంది కదా, మా నాన్నకైతే శని, ఆదివారాలు, ఆ గ్యాప్ చివర్లో, డయాలసిస్‌కి ముందు పెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

తర్వాత వచ్చే డయాలసిస్‌ల సంగతి ఇంకా ముఖ్యం. హెపారిన్ లేకుండా చేయవచ్చు. పావుగంటకో అరగంటకో ఒకసారి 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్ పంపి ఫిల్టర్‌ని కడుగుతూ ఉంటారు, ఆ సెలైన్‌ని కూడా లెక్కలో కలిపి బయటికి లాగుతారు. మెషీన్ దగ్గర ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి, ఫిల్టర్ గడ్డకట్టే అవకాశం ఉంటుంది, అందుకే రద్దీగా ఉండే సెంటర్లలో ఇది అంత ఇష్టంగా చేసే పని కాదు. మరి అలా ఎన్ని డయాలసిస్‌లు? పుండు సైజు, లోపల నాళాలు కనిపించాయా, ఇంకేం మందులు వాడుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ సంఖ్యని గ్యాస్ట్రో డాక్టరుతోనే డిశ్చార్జ్ కాగితం మీద రాయించండి. "ఫలానా తారీకు దాకా హెపారిన్ వద్దు" అన్న ఒక్క వాక్యం, కింద సంతకం. నోటి మాటగా చెప్పించుకుంటే షిఫ్టు మారగానే గాలికి పోతుంది.

ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) కాకుండా మెడ దగ్గర క్యాథెటర్‌తో డయాలసిస్ అయ్యేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. డయాలసిస్ అయ్యాక ఆ క్యాథెటర్ గొట్టాల్లో చిక్కటి హెపారిన్ నింపి మూత పెడతారు (దీన్నే లాక్ అంటారు), అందులో కొంత రక్తంలోకి జారుతుంది. మెషీన్‌లో హెపారిన్ ఆపి దీన్ని మర్చిపోతుంటారు. "లాక్‌లో ఏం పెడుతున్నారు, బదులుగా సిట్రేట్ పెట్టొచ్చా?" అని అడగండి.

ఇప్పుడు మేం చేసేది ఇది: ఏ ప్రొసీజరైనా అయిన మర్నాడే కాగితం ఫోటో తీసి డయాలసిస్ సెంటర్ ఇన్‌చార్జికి పంపిస్తాం, వెళ్లినప్పుడు నాన్న ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో "కడుపులో పుండు, హెపారిన్ వద్దు" అని రాసి తారీకు వేస్తాం, సూది గుచ్చేముందు నాన్నే నోటితో ఇంకోసారి చెప్తారు. మూడుసార్లు చెప్పడం అతిగా అనిపించొచ్చు, అనిపించనివ్వండి.

6. ఆ రోజు

ఫిస్టులా ఉన్న చేతికి సెలైన్ సూది వద్దు, బీపీ పట్టీ వద్దు. మత్తులోకి వెళ్లేముందే చెప్పాలి, తర్వాత చెప్పలేరు కదా. ఇంకా ఫిస్టులా లేకపోయినా జీఎఫ్ఆర్ బాగా తక్కువున్నవాళ్లు ముంజేతి నరాలు పాడవకుండా అరచేతి వెనక వైపు సూది వేయమని అడగాలి. మిడాజొలామ్ లాంటి మత్తుమందు కిడ్నీ పేషెంట్లలో ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, కాబట్టి ఎక్కువసేపు మగతగా ఉంటే గాభరా పడకండి, తొందరగా ఇంటికి తీసుకెళ్లాలనీ చూడకండి. షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపు రోజు డోసు ఎంతో ముందే కనుక్కోవాలి. కిడ్నీలు పాడైతే ఇన్సులిన్ కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, షుగర్ పడిపోతుంది.

బయటికి వచ్చాక డాక్టర్ని మూడు అడగండి: పుండు ఎంత పెద్దది, కనిపించిన నాళాలని కాల్చి మూసేశారా, క్లిప్పులు వేశారా వేస్తే ఎన్ని.

7. ఇంటికొచ్చాక ఏం వేసుకోవాలి, ఏం వేసుకోకూడదు

పాంటప్రజోల్, ఎసోమెప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మందే ఇక్కడ అసలు రక్షణ. యాసిడ్‌లో రక్తపు గడ్డ నిలవదు, కరిగిపోతుంది. మామూలుగా 4 నుంచి 8 వారాలు ఇస్తారు, కిడ్నీ జబ్బు కోసం డోసు తగ్గించాల్సిన పని లేదు. నొప్పి లేదు కదా అని మధ్యలో ఆపడమే చాలామంది చేసే పొరపాటు. ఈ పుండు నొప్పి పెట్టకుండానే రక్తం కారగలదు. క్లోపిడోగ్రెల్ కూడా వాడుతుంటే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తాయి, పాంటప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, వీటి జోలికి వెళ్లొద్దు. అటు పుండుకీ చేటు, ఇటు మిగిలిన కిడ్నీకీ చేటు. నొప్పికి పారాసెటమాల్ ఎంత వేసుకోవచ్చో అడగండి.

పుండు మానడానికని సుక్రాల్ఫేట్ టానిక్ రాసే అలవాటు కొందరికి ఉంది. అందులో అల్యూమినియం ఉంటుంది, కిడ్నీలు పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుంటుంది. గ్యాస్ మందులుగా వాడే చాలా సిరప్‌లలో అల్యూమినియం, మెగ్నీషియం రెండూ ఉంటాయి. సీసా వెనక చదవండి, ఉంటే కిడ్నీ డాక్టర్ని అడగకుండా వద్దు. మలబద్ధకానికి మెగ్నీషియం, ఫాస్ఫేట్ ఉన్నవి కూడా అంతే.

డిశ్చార్జ్ కాగితం మీద అచ్చువేసి ఉండే సలహాలు కిడ్నీలు బాగున్నవాళ్లని దృష్టిలో పెట్టుకొని రాసినవి. "నీళ్లు బాగా తాగండి, రెండు రోజులు పండ్ల రసాలు తీసుకోండి" అని మాకూ ఇచ్చారు. రోజుకి లీటరు దాటి తాగకూడని మనిషికి, పొటాషియం 5.5 దగ్గర ఊగే మనిషికి! మెత్తటి ఆహారం, గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా. నీటి లెక్క, పొటాషియం లెక్క ఎప్పటివే.

8. రక్తస్రావాన్ని గుర్తుపట్టడం

ఎక్కువ శాతం తొలి రెండు వారాల్లోనే అవుతాయి. రక్తం పలచబరిచే మందులు మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో ఇంకా ఆలస్యంగా, నాలుగో వారం దాకా కూడా రావచ్చు. అన్నిరోజులూ ఇంట్లో ఒకరు రోజూ మలం చూడాలి. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇది తప్పదు, పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు.

ఐరన్ మాత్రల వల్ల వచ్చే నలుపు ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు. మలం మామూలుగా కట్టుగానే ఉంటుంది, వాసన ఎప్పటిలాగే. తెల్ల టిష్యూ మీద అద్ది చూస్తే అంచుల్లో పచ్చదనం తెలుస్తుంది. రక్తం వల్ల వచ్చే నలుపు తారులా ఉంటుంది. జిగటగా, నిగనిగలాడుతూ, ఫ్లష్ చేసినా కమోడ్‌కి అంటుకొని ఉంటుంది. వాసన మాత్రం, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు, బాత్రూమ్ తలుపు తీయగానే కొడుతుంది, మలం వాసనలా కాకుండా తుప్పు, కుళ్లు కలిసినట్టు. కడుపులో 50 మిల్లీలీటర్ల రక్తం కారినా మలం ఇలా మారుతుంది. మా ఇంట్లో ఆ రాత్రి ఆ వాసన వచ్చింది. మేం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పడుకున్నాం. తేడా తేల్చుకోలేకపోతే రక్తమే అనుకోండి. వీలైతే ప్రొసీజరుకి వారం ముందు నుంచి, తర్వాత నెల దాకా ఐరన్ మాత్రలు ఆపి ఇంజక్షన్ రూపంలో ఇవ్వొచ్చేమో కిడ్నీ డాక్టర్ని అడగండి, ఈ అయోమయమే ఉండదు.

వాంతిలో ఎర్రటి రక్తం వచ్చినా, కాఫీ పొడిలాంటి నలుసులు వచ్చినా వెంటనే బయల్దేరాలి.

కిడ్నీ పేషెంట్ల దగ్గర మామూలు ఆనవాళ్లు కొన్ని మోసం చేస్తాయి. రక్తం పోతే గుండె వేగం పెరగాలి, కానీ గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలోల్, కార్వెడిలోల్ లాంటివి వాడేవాళ్లకి పెరగకపోవచ్చు, నాడి 72 ఉందని నిశ్చింతగా ఉండకూడదు. డయాలసిస్‌లో బీపీ పడటం మామూలే కాబట్టి అసలు కారణం దాని వెనక దాక్కుంటుంది. పుండు ఉన్న నెలరోజుల్లో, ఎప్పుడూ తట్టుకునేంత నీరు లాగినా బీపీ పడిందంటే, అక్కడికక్కడే హిమోగ్లోబిన్ పంపించమని అడగండి. ఇక యూరియా. పైపేగుల్లో రక్తం కారితే ఆ ప్రొటీన్ అరిగి రక్తంలో యూరియా పెరుగుతుంది, ఎమర్జెన్సీలో దాన్ని ఒక గుర్తుగా వాడతారు. మనవాళ్లకి యూరియా ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి ఆ అంకె ఏమీ తేల్చదు, పాత రిపోర్టు పక్కన పెట్టి పోల్చాల్సిందే. చివరి రెండు నెలల హిమోగ్లోబిన్, యూరియా అంకెలు ఫోన్‌లో ఉంచుకుంటే ఆ రాత్రి డ్యూటీ డాక్టరుకి చాలా సాయం.

9. ఎమర్జెన్సీకి వెళ్తే

నోటితో ఏమీ ఇవ్వకుండా తీసుకెళ్లండి, మళ్లీ ఎండోస్కోపీ చేయాల్సి రావచ్చు. పేషెంటుని సొంతంగా కారు నడపనివ్వకండి, కళ్లు తిరుగుతుంటే కాళ్ల మీద నడిపించి కూడా తీసుకెళ్లకండి. వెళ్లగానే ఒక్క గుక్కలో చెప్పాల్సింది ఇది: "కిడ్నీ పేషెంటు, డయాలసిస్ చివరిగా ఫలానా రోజు, హెపారిన్ ఇచ్చారు లేదా ఇవ్వలేదు, ఇన్ని రోజుల క్రితం కడుపులో గడ్డ తీశారు, ఇప్పుడు నల్లటి విరేచనం."

అక్కడ జరిగేవాటిలో మీరు ప్రశ్నించాల్సినవి కొన్నే. రక్తం ఎక్కించాలంటే మామూలుగా హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గినప్పుడు, గుండెజబ్బు ఉంటే 8 దగ్గర ఎక్కిస్తారు. నిల్వ ఉన్న రక్తంలో పొటాషియం ఉంటుంది, దాంతో నీరూ చేరుతుంది, పరిస్థితి అనుమతిస్తే డయాలసిస్ నడుస్తుండగా ఎక్కించడం మంచిది. కడుపులో అరిగే రక్తం కూడా పొటాషియం పెంచుతుంది, అది చూడమని గుర్తుచేయండి. కిడ్నీ మార్పిడి జాబితాలో ఉన్నవాళ్లయితే ఆ మాట తప్పక చెప్పాలి. ఎక్కించిన రక్తం వల్ల యాంటీబాడీలు పుట్టి సరిపడే కిడ్నీ దొరకడం కష్టం కావచ్చు, తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగాలి. మరీ అవసరమైనప్పుడు మాత్రం ఇవేవీ చూసుకుంటూ ఆలస్యం చేయకూడదు.

మందకొడి ప్లేట్‌లెట్లని కాసేపు చురుగ్గా చేయడానికి డెస్మోప్రెసిన్ ఇస్తారు, కిలో బరువుకి 0.3 మైక్రోగ్రాములు. గంటలో పనిచేస్తుంది, 4 నుంచి 8 గంటలు ఉంటుంది, మళ్లీ మళ్లీ ఇస్తే పని తగ్గుతుంది. రక్తస్రావం తగ్గించడానికని ట్రానెక్సామిక్ యాసిడ్ రాస్తే కిడ్నీకి తగ్గట్టు డోసు తగ్గించారా అని అడగండి, పేరుకుంటే ఫిట్స్ రావచ్చు. అసలు వైద్యం మాత్రం మళ్లీ లోపలికి వెళ్లి క్లిప్పు వేయడమో, కాల్చడమో.

10. మళ్లీ మొదలుపెట్టడం, మిగిలిన పనులు

ఆపిన మందులకి "ఎప్పటి నుంచి" అన్న తారీకు కాగితం మీద లేకుండా ఇంటికి రాకండి. వార్ఫరిన్ చాలాసార్లు ఆ సాయంత్రమే మొదలవుతుంది, దాని ప్రభావం రావడానికి ఎలాగూ రోజులు పడుతుంది. కొత్త తరం మందులు మాత్ర వేసిన కొన్ని గంటల్లోనే పనిచేస్తాయి, అందుకే వాటిని 2, 3 రోజులు ఆగి మొదలుపెడతారు. మొదలైన వారం మలం మీద ఇంకాస్త ఎక్కువ కన్నేసి ఉంచండి.

తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు తెచ్చుకోండి, హెలికోబాక్టర్ పైలోరీ (కడుపులో పుండ్లు పుట్టించే బ్యాక్టీరియా) ఉందో లేదో చాలాసార్లు అందులో ఉంటుంది. ఉంటే ఇచ్చే కోర్సులో బిస్మత్ ఉందేమో చూడండి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి అది మంచిది కాదు, పైగా మలాన్ని నల్లగా చేస్తుంది. కిడ్నీ మార్పిడి అయి, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ వాడేవాళ్లకి ఆ కోర్సులో క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ ఇస్తే టాక్రోలిమస్ మోతాదు రక్తంలో బాగా పెరిగిపోతుంది, మార్పిడి డాక్టరుకి చెప్పకుండా ఆ కోర్సు మొదలుపెట్టొద్దు.

క్లిప్పులు వేసినవాళ్లు ఎంఆర్ఐకి వెళ్లాల్సి వస్తే ముందే చెప్పాలి. అవి వాటంతట అవే ఊడి మలంలో పోతాయి గానీ ఎప్పుడు పోతాయో చెప్పలేం, కొన్ని రకాలతో ఎంఆర్ఐ చేయకూడదు. మా నాన్న రెండు క్లిప్పుల కంపెనీ పేరు, మోడల్ ఆయన డయాలసిస్ ఫైలు అట్ట లోపలి వైపు రాసి ఉన్నాయి, ఆ ఎర్ర అక్షరాల వెనకే.